ఆస్తి ఎవరి పేరున ఉంది?

మనవరాలికి, కేసముద్రం నుంచి తాత.

నీ ఉత్తరం చదివాను బిడ్డా. కాలేజీ ప్రాజెక్టు కోసం మన వాడలో ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఎంత ఆస్తి ఉందో రాస్తానన్నావు. ఎకరాలు అడిగితే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. దస్తావేజులు రాసి బతికినవాణ్ణి కాబట్టి కాగితాల వైపు నుంచి నాకు తెలిసింది చెప్తాను. పుస్తకాల్లో ఉన్నది మీ సార్లు చెప్తారు.

నెలకు ఎంత వస్తుందో అడిగి దాన్నే ఆస్తి కింద రాసుకోకు. స్టేషన్ దగ్గర హోటల్ పెట్టుకున్నాయనకు పూటపూటా గల్లా నిండొచ్చు. కొట్టు కిరాయిదై, ఇల్లు కిరాయిదై, పెట్టుబడి మిత్తికి తెచ్చిందైతే ఆయనకు ఆస్తి లేనట్టే. ఇటు చేతిలో వెయ్యి రూపాయలు ఆడని ముసలమ్మ పేరున రోడ్డు పక్క ఎకరం ఉండొచ్చు. జబ్బు చేసినా, పంట పోయినా, పిల్లను పై చదువుకు పంపాలన్నా ఆ ఇంటివాళ్లు ఏది అమ్మగలరు, ఏది కుదువ పెట్టగలరు? దాన్ని బట్టే ఆ ఇంటి బలం తెలుస్తుంది.

అందుకని ఒక్కో ఇంటికి నోట్‌బుక్కులో ఎదురెదురు పేజీలు రెండు తీసుకో. ఎడమ పేజీలో భూమి, ఇంటి జాగ, ఇల్లు, బంగారం, పశువులు, ట్రాక్టరు, బ్యాంకులో ఉన్నది, చిట్టీలో కట్టింది, ఇతరుల దగ్గర రావాల్సింది రాయి. కుడి పేజీలో పంట రుణం, బంగారం మీద లోను, మహిళా సంఘం అప్పు, మార్కెట్‌లో అడ్తిదారు దగ్గర తెచ్చిన పెట్టుబడి, చేబదుళ్లు రాయి. ఎడమలోంచి కుడి తీసేయగా మిగిలిందే నికర ఆస్తి. అప్పుల పేజీ తెరవడానికి తొందరపడొద్దు. మొదటి రోజు ఎవరూ నిజం చెప్పరు. రెండోసారి వెళ్లినప్పుడు, అమ్మలక్కలతో వంటింటి గడప దగ్గర కూర్చున్నప్పుడు చెప్తారు. కేంద్రం 2019లో చేసిన సర్వే ప్రకారం తెలంగాణ పల్లెల్లో 67 శాతం ఇళ్లకు అప్పు ఉంది. ఎవరైనా "మాకేం లేదు" అంటే ఇంకోసారి అడుగు.

అప్పు మొత్తం రాస్తే చాలదు, మిత్తి కూడా రాయి. "నూటికి రెండు" అంటారు. అది నెల లెక్క, ఏడాదికి 24 శాతం. పట్టా పాస్‌బుక్కు ఉన్న రైతుకు బ్యాంకు పంట రుణం గడువులో కడితే 4 శాతానికే పడుతుంది. ఒకే మార్కెట్ యార్డుకు మిర్చి తెచ్చే ఇద్దరిలో ఒకరు 4 శాతం కట్టి, ఇంకొకరు 24 శాతం కట్టి ఇంటికి పోతున్నారు. కష్టంలో తేడా లేదు, కాగితంలో ఉంది. ఈ సంగతి నీ ప్రాజెక్టంతా వెంట వస్తుంది.

ఇప్పుడు దేశం లెక్క. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన 77వ రౌండు సర్వేలో పల్లెల్లో ఒక్కో ఇంటి సగటు ఆస్తి 15.92 లక్షలని తేలింది. అందులో 91 శాతం నేల, ఇళ్ల విలువే. అందుకే మన దగ్గర ఆస్తి అనగానే జనం భూమినే తలుచుకుంటారు. అయితే ఈ సగటును నమ్మి కూర్చోవద్దు. అదే సర్వేలో పల్లెల్లో పైనున్న 10 శాతం ఇళ్ల చేతిలో మొత్తం ఆస్తిలో 50.8 శాతం ఉంది, కింది సగం ఇళ్లకన్నిటికీ కలిపి 10.2 శాతమే. మన వాడలో పది ఇళ్లను ఆస్తి తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా నిలబెట్టి, అందరి ఆస్తీ కలిపి 100 రూపాయలనుకో. చివరింటికే దాదాపు 51 రూపాయలు. మొదటి ఐదిళ్లకు కలిపి 10. మధ్యలో నాలుగిళ్లకు 39. సగటు కడితే ఇంటికి 10 రూపాయలొస్తుంది, కానీ సగం ఇళ్లల్లో ఉన్నది తలా రెండే. అందుకే నీ నివేదికలో సగటు పక్కన మధ్యగతం కూడా వెయ్యి. ఇళ్లన్నిటినీ ఆస్తి వరుసలో పెట్టి సరిగ్గా నడుమ ఉన్న ఇంటి ఆస్తి అంకె తీసుకోవాలి. వాడ అసలు పరిస్థితి అక్కడ కనిపిస్తుంది.

పట్నాల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. అక్కడ పై 10 శాతానికి 55.7, కింది సగానికి 6.2. పైగా సర్వేకు పోయినవాళ్లకు పెద్ద ఆస్తిపరులు దొరకరు, దొరికినా అన్నీ చెప్పరు. పన్నుల లెక్కలూ కోటీశ్వరుల జాబితాలూ కలిపి చూసే ప్రపంచ అసమానతల నివేదిక, 2022 నాటిది, ఇండియాలో పై 10 శాతం చేతిలో 65 శాతం సంపద ఉందంటుంది, కింది సగానికి 6 శాతం కూడా లేదు. ప్రపంచమంతా కలిపి చూస్తే పైవాళ్లకు 76, కింది సగానికి 2. మన వాడలో కూడా చివరింటాయన చెప్పిన అంకె కంటే అసలుది పెద్దదే అయ్యుంటుందని మనసులో పెట్టుకో.

ఇక మన ఊరికి వద్దాం. కేసముద్రం విలేజ్, కేసముద్రం స్టేషన్ అని రెండుగా ఎందుకు పిలుస్తామో నీకు తెలుసు. నిజాం రైలు 1889 నాటికి బెజవాడ దాకా పోయింది. ఆ పట్టాల వల్ల స్టేషన్ చుట్టూ బజారు లేచింది, తర్వాత పసుపు, మిర్చి, మక్కల మార్కెట్ వచ్చింది. 2016 అక్టోబర్ 11న మానుకోట జిల్లా కేంద్రమైంది, ఆఫీసులు దగ్గరయ్యాయి. వీటిలో ఏ ఒక్కటీ స్టేషన్ రోడ్డు పక్క చెలక ఉన్న ఆసామి చేసింది కాదు. పట్టాలు వేసిందెవరో, హమాలీ చేసి మార్కెట్ నిలబెట్టిందెవరో, పన్ను కట్టి రోడ్డేయించిందెవరో. ధర మాత్రం ఆ చెలక మీద వాలింది. ఎకరానికి 4,840 గజాలు. జొన్న వేసే చెలకగా ఎకరాల్లో అమ్మిన నేలను ప్లాట్లు కొట్టి గజాల్లో అమ్మితే, దార్లకు పోను మిగిలిన సగానికే పాత ధర ఎన్నో రెట్లు దాటిపోతుంది. అమెరికాలో హెన్రీ జార్జ్ అనే ఆయన 1879లోనే ఒక పుస్తకం రాసి, ఊరందరి వల్ల పెరిగిన నేల విలువ ఊరికే చెందాలని వాదించాడు. నాకు ఆ వాదన న్యాయంగా తోస్తుంది. పెద్ద పట్నంలో ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం వేలం వేసిన భూమిలో ఒక ప్లాటు ఎకరం 100 కోట్లు దాటింది.

విలువ ఏ ధరకు కట్టాలన్న చిక్కు నీకు ఇక్కడే వస్తుంది. సర్కారు విలువ ఒకటి, బయట నడిచే ధర ఇంకొకటి. 2021 జూలైలో ప్రభుత్వం వ్యవసాయ భూమికి కనీస విలువ ఎకరం 75,000 చేసి, స్టాంపు ఖర్చులన్నీ కలిపి 7.5 శాతం చేసింది. ఆ 75,000కు మన చుట్టుపక్కల ఎకరం దొరుకుతుందేమో ఎవరినైనా అడిగి చూడు. అసలు ధర దస్తావేజులోకి ఎక్కదు కాబట్టి సర్కారు దగ్గరున్న లెక్కతో ఆస్తి కొలిస్తే పెద్ద భూములవాళ్లే చిన్నగా కనిపిస్తారు. నువ్వు రెండు ధరలూ రాయి. బయటి ధరకు మాత్రం నోటి మాట వద్దు, ఆ ఏడు ఆ పక్కన నిజంగా చేతులు మారిన జాగ ధర పట్టుకో.

అన్ని ఎకరాలూ ఒకటి కావు బిడ్డా, ఇది జాగ్రత్తగా విను. ఒకే గట్టుకు ఇటూ అటూ రెండెకరాలున్నాయనుకో. మన్ను ఒకటే, బావి నీళ్లు ఒకటే. ఇటుది పట్టా. అటుది భూమిలేనివాళ్లకు సర్కారు ఇచ్చిన లావుణి పట్టా. 1977 చట్టం ప్రకారం లావుణి భూమి అమ్మకూడదు, కొనకూడదు. పోడు పట్టాలకూ అంతే. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన భూమి వారసులకు పోతుంది గానీ అమ్మకానికి పోదు. పేదవాడి భూమి పెద్దవాళ్ల చేతికి పోకుండా ఈ కట్టు పెట్టారు, అది అవసరమే. కానీ ధరలు పెరిగినప్పుడు ఇటు గట్టుమీదాయన ఒక గుంట అమ్మి బిడ్డ పెళ్లి చేస్తాడు, అటువైపాయన అంతే భూమి ఉండీ మిత్తికి తెస్తాడు. తెల్లకాగితం మీద సాదాబైనామాతో కొన్నవాళ్లది ఇంకో గోస. డబ్బిచ్చారు, దున్నుతున్నారు, పేరు మాత్రం ఎక్కలేదు. 2020లో తీసుకున్న సాదాబైనామా దరఖాస్తులు 9 లక్షలు దాటాయి, కోర్టు స్టేతో ఏళ్ల తరబడి కదల్లేదు. కాబట్టి ఎకరాల పక్కన పట్టా, లావుణి, పోడు, సాదాబైనామా, కౌలు అని ఒక వరుస పెట్టు.

కౌలుదారుల గురించి ఆగి చెప్పాలి. దస్తావేజులో షెడ్యూలు అని ఒకటి రాస్తాం. సర్వే నంబరు, విస్తీర్ణం, తూర్పున ఫలానావారి భూమి, పడమర ఫలానావారి భూమి అని నాలుగు హద్దులు. నేను రాసిన హద్దుల్లో ఎక్కడా దున్నేవాళ్ల పేరు రాలేదు, హద్దు అంటే పట్టాదారు పేరే. పాత పహాణీలో అనుభవదారు కాలమ్ ఒకటుండేది, ఎవరు సాగు చేస్తున్నారో ఊరి లెక్కలో కనిపించేది. ధరణి పోర్టల్ వచ్చాక అది పోయింది. రైతుబంధు ఎకరానికి ఏడాదికి 10,000 చొప్పున వచ్చిన రోజులు గుర్తు చేసుకో. ఎకరంవాడికి 10,000, ఇరవై ఎకరాలవాడికి 2 లక్షలు. ఆ ఇరవై ఎకరాలు కౌలుకు పట్టి, పత్తి ఏరించి, మందులు కొట్టిన మనిషికి ఏమీ లేదు. రైతుకు సాయం అందాలన్న ఆలోచనను నేను తప్పుపట్టను. ఎకరాల కొద్దీ ఇస్తే ఎకరాలున్న చోటికే పోతుంది, అదొక్కటి ఒప్పుకోవాలి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారే, కమతాల్లో 88 శాతం ఐదెకరాల లోపువి. ఆ లెక్కలో భూమిలేని కూలి ఇల్లు అసలు ఉండదు.

ఇంత ఎగుడుదిగుడు ఎట్లా వచ్చిందని మీ సార్లు అడుగుతారు. పక్కనే ఉన్న జనగామ వైపు చూడు. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40,000 ఎకరాలుండేవని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారు రాశారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన గింజ గడీకి పోనివ్వనని నిలబడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. అక్కడి రైతుల పోరాటం తర్వాత 1950లో కౌలు రక్షణ చట్టం, 1973లో భూపరిమితి చట్టం వచ్చాయి. భూపరిమితిలో తరి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలని పెట్టారు. గడీలు కూలాయి. అయితే చట్టం అమలుకు ముందే పేర్లు మార్చి రాయించుకున్న భూములు మిగిలిపోయాయి. రైలు, మార్కెట్, జిల్లా వచ్చినప్పుడు ధర పెరిగింది కాగితం మిగిలినవాళ్లకే.

కూలి చేసి ఈ దూరం పూడ్చగలరా అని ఒక లెక్క వేసి చూడు. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నూరు రోజులకు 30,700. ఎకరం 20 లక్షలని అనుకుందాం, చాలా చోట్ల అంతకంటే ఎక్కువే. తిండి తినకుండా, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా దాచినా 65 ఏళ్లు పడుతుంది, ఆలోపు ఎకరం అక్కడే ఆగి ఉండదు.

చివరి వరుస, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది, ఇంట్లో ఎవరి పేరున అన్నది. ఇలాంటి ఆస్తి సర్వేలు ఎక్కువగా ఇంటికి ఒక అంకె వేస్తాయి. ఇంట్లో ఆడవాళ్ల చేతిలో ఏముందో ఆ అంకె చెప్పదు. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలులోకి వచ్చేలా ఎన్టీ రామారావు ప్రభుత్వం పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు తెచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లైనవాళ్లకూ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. చట్టం ఇంత దూరం వచ్చింది. ఆఫీసు ముందర దస్తావేజులు రాసే బల్ల దగ్గర జరిగేది వేరు. తండ్రి పోయాక భూమి తన పేరుకు పౌతీ చేయించుకోవడానికి అన్న, అత్తగారింటి నుంచి చెల్లెను పిలిపిస్తాడు. కవరులో కొత్త చీర ఉంటుంది. ఆమె కాగితం చేతిలోకి తీసుకొని "ఇదెందుకన్నా" అంటుంది. "పాస్‌బుక్కు మారాలె గదా" అంటాడు. పక్కన భర్త మాట్లాడడు, ఆమె వేలు ముద్దర వేస్తుంది. బలవంతం ఎక్కడా కనిపించదు. వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో వేసిన ముద్దర అది. రోడ్డు పక్క అరెకరం ఒక్క నిమిషంలో చేయి మారుతుంది. నువ్వు తిరిగే ఇళ్లల్లో పుట్టింటి భూమిలో హక్కు విడుదల రాసిచ్చిన ఆడవాళ్లు ఎంతమందో తప్పక అడుగు. ఒంటి మీద బంగారం తాకట్టులో ఉందా, ఎవరి అవసరానికి పెట్టారు అని కూడా అడుగు. పేర్లు రాయకు, ఇంటికి ఒక నంబరు వేసుకో. ఊరివాళ్లు నిన్ను నమ్మి చెప్పింది బయటికి పోకూడదు.

దసరాకు వచ్చినప్పుడు మన ఇంటితో మొదలుపెడదాం. పెట్టెలో కాగితాలున్నాయి, నువ్వే చదివి రాసుకో. నా స్వార్జితం మీ మామకూ మీ అమ్మకూ సమానంగా వీలునామా రాసి రిజిస్టరు చేయించాను. ఆ సంగతి వాళ్లిద్దరికీ ఎదురుగానే చెప్పాను. అయితే వీలునామా నేను పోయాకే పనిచేస్తుంది కాబట్టి, లెక్క తప్పకుండా, ఇప్పటికి మీ అమ్మ పేజీలో ఆ భూమి వేయకు. నా పేరున వెయ్యి, పక్కన వీలునామా అని రాయి.

మీ తాత