బాతులను తోలే కుక్క – జోనంగి



మన ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊర్లలో గొర్రెలు చూడనివాళ్లు ఉండరు. ఆ గొర్రెలకు పుస్తకాల్లో కూడా పేర్లున్నాయి. తెల్లని ఒంటితో మూతికీ కండ్లకీ నల్లమచ్చలుంటే జోడిపి. తెల్లగా ఉంటే పల్ల. ఎర్రగా ఉంటే దొర. మూడూ నెల్లూరు గొర్రెలే. మరి మంద వెంట తిరిగే కుక్కకు ఏం పేరు? నాటుకుక్క అంటారు, అంతే.

మా నాయన కూలికి గొర్రెలు కాస్తాడు. మందను మళ్లించేది నాయనే, నోటితో అదిలించి, కర్ర చూపించి. కుక్క మళ్లించదు. దాని పని రాత్రిపూట. ఎరువు కోసం రైతులు చేలో మంద కట్టించుకుంటారు కదా, అప్పుడు అది పక్కనే పడుకుంటుంది. నక్క వచ్చినా తోడేలు వచ్చినా మొరిగి లేపుతుంది. పిల్లప్పటి నుంచి గొర్రెల మధ్యే పెరిగింది గనక వాటిని తనవాళ్లే అనుకుంటుంది. ఇది కాపలా కుక్క.

తోలే కుక్క వేరు. కుక్కలు తోడేళ్ల జాతి నుంచే వచ్చాయి. తోడేలు వేటలో ముందు కన్నేస్తుంది, పొంచి నడుస్తుంది, చుట్టుతిరిగి తరుముతుంది, చివరికి కరిచి చంపుతుంది. తోలే కుక్కకు తరమడం వరకే. కరిచి చంపని కుక్కల పిల్లలనే మనుషులు ఏరి ఏరి పెంచారు. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దులో పుట్టిన బోర్డర్ కోలీ అట్లాంటిదే.

అంత దూరం ఎందుకు, మన ఆంధ్రాలోనే ఒకటుంది. దాన్ని జోనంగి జాగిలం అంటారు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు సరస్సు ఉంది, ఆ చుట్టుపక్కల ఊర్లు దాని చోటు. అది తోలేది బాతులను! బాతులను పొలాల్లో తిప్పి మేపుతారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాటి మేత. అవి చెదిరిపోకుండా జోనంగి మందగా చేర్చి తోలుతుంది. నోటిదగ్గర బాతు ఉన్నా తినకూడదు. నాకైతే ఇదే గొప్ప అనిపించింది.

చూడ్డానికి సన్నగా, పొడుగు కాళ్లతో ఉంటుంది. వెంట్రుక ఎంత పొట్టి అంటే దూరానికి ఒట్టి చర్మమే అనుకుంటాం. నుదుటి మీద ముడతలు. మామూలు కుక్క మాదిరి మొరగడం తక్కువ, రాగం తీసినట్టు అరుస్తుంది. నేలలో గుంత తవ్వుకుని పడుకుంటుంది. ఒక్క యజమాని మాటే వింటుంది, కొత్తవాళ్లను దగ్గరికి రానీదు.

తర్వాత కొల్లేరు ప్రాంతంలో పొలాలు చేపల చెరువులైపోయినాయి. బాతుల పని తగ్గింది. పనిలేని కుక్కలకు తిండి పెట్టేవాళ్లు లేక అవి చెరువుల్లో చేపలు పట్టి తిన్నాయి. చేపల రైతులు వాటిని చంపారు. నిన్నటిదాకా బాతును ముట్టని కుక్కే ఈరోజు దొంగ అయింది. జోనంగులు చానా తగ్గిపోయాయి. ఇప్పుడు కొందరు వెతికి తెచ్చి పెంచుతున్నారు.

మన పక్క కూడా మంద అమ్మేటప్పుడు గొర్రెలను లెక్కపెట్టి లారీ ఎక్కిస్తారు. కుక్కను ఎవరూ లెక్కపెట్టరు.

ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి మందకుక్కను చూడండి. దాని రంగు, చెవులు, తోక ఎట్లా ఉన్నాయో, రాత్రిపూట ఏం చేస్తుందో, ఏమని పిలుస్తారో రాసి మాకు ఇవ్వండి. వచ్చే సంచికలో వేస్తాం.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని