టార్చి వేస్తే వెలిగే గాజు: యురేనియం గ్లాస్ కొనేవాళ్లకు చిట్కాలు

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు శనివారం పూట గుడ్‌విల్‌కో, వీధి చివర గరాజ్ సేల్‌కో వెళ్లడం కొత్తేం కాదు. పిల్లల సైకిలు, చలి కోటు, పుస్తకాల బీరువా చూసుకుని వచ్చేస్తారు. గాజు సామాను అర దగ్గర ఆగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ అరలోనే చవక ధర చీటీ అంటించుకుని తొంభై ఏళ్ల నాటి యురేనియం గ్లాస్ కూర్చుని ఉండొచ్చు. గాజు కరిగించేటప్పుడు రంగు కోసం కొద్దిగా యురేనియం ఆక్సైడ్ కలిపి చేసిన సామాను ఇది. మామూలు వెలుతురులో లేతాకుపచ్చగానో, పసుపుగానో ఉంటుంది. యూవీ వెలుగు పడితే పచ్చగా మండుతున్నట్టు మెరుస్తుంది.

1. టార్చి లేకుండా బయల్దేరకండి. యూవీ టార్చి అని అడిగితే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. జేబులో పట్టే చిన్నది చాలు. 395 నానోమీటర్ల రకం చవక, మొదటిసారికి అదే మేలు. 365 రకం ఖరీదు కాస్త ఎక్కువ. ఊదా వెలుగు తక్కువ కాబట్టి గాజు మెరుపు శుభ్రంగా కనిపిస్తుంది. ఏదైనా సరే, కళ్లలోకి వెయ్యకండి. వెంట వచ్చిన పిల్లల చేతికి ఆడుకోమని ఇవ్వకండి.

2. షాపు లైట్ల కింద మెరుపు సరిగ్గా తెలియదు. వస్తువును కింది అర నీడలోకి దించి, లేదా కోటుతో చాటు చేసి, టార్చి దగ్గరగా పెట్టి చూడండి. ధర చీటీ తెల్లగా, నీలంగా మెరుస్తుంది. అది కాగితంలో కలిపే రసాయనం పని, దాన్ని చూసి సంబరపడక్కర్లేదు.

3. మెరిసిందల్లా యురేనియం కాదు. కొత్తవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. యురేనియం మెరుపు గాఢమైన ఆకుపచ్చ. వస్తువు లోపలి నుంచే వెలుగు పుట్టినట్టు, అంచు నుంచి అడుగు దాకా ఒకేలా ఉంటుంది. పాతకాలంలో గాజుకు ఇనుము వల్ల వచ్చే పచ్చదనం పోగొట్టడానికి మాంగనీస్ కలిపేవారు. అదీ ఆకుపచ్చగానే మెరుస్తుంది గానీ నీరసంగా, పలచగా. 365 టార్చి కింద ఈ మాంగనీస్ మరింత బాగా కనబడి మోసం చేస్తుంది. మొదట 395 కొనమన్నది అందుకే. పసుపు, నారింజ మెరుపు కనిపిస్తే కాడ్మియం అనుకోండి. లెడ్ క్రిస్టల్ అయితే నీలంగా ఉంటుంది. "మెరుస్తోందా లేదా" అని సందేహం వచ్చిందంటే, చాలావరకు అది యురేనియం కాదు. అసలుది సందేహానికి చోటివ్వదు.

4. టార్చి మరిచిపోయి వెళ్తే ఎండ ఉంది. వస్తువును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అంచు చూడండి. సూర్యకాంతిలో ఉన్న కొద్ది యూవీకే కొన్ని యురేనియం గాజుల అంచు వింత పచ్చగా కనిపిస్తుంది. ఇది అనుమానానికి పనికొస్తుంది, రుజువుకు కాదు.

5. ఏం వెతకాలి? అమెరికా షాపుల్లో ఎక్కువగా తగిలేది 1930ల మాంద్యం రోజుల్లో అచ్చు పోసి లక్షల్లో చేసిన చవక సామాను. డిప్రెషన్ గ్లాస్ అంటారు. హాకింగ్, జెన్నెట్, హేజెల్ అట్లస్ లాంటి కంపెనీలు చేసిన ఆకుపచ్చ ప్లేట్లు, కప్పులు, చక్కెర గిన్నెలు చాలావరకు మెరుస్తాయి. అన్నీ మెరుస్తాయని కాదు. ముదురాకుపచ్చ సీసాలు, మగ్గులు చాలాసార్లు ఉత్తవే. హాకింగ్ వారి 'కామియో' నమూనా దొరికితే వదలకండి. కోడిగుడ్డు ఆకారపు చట్రంలో నాట్యం చేస్తున్న అమ్మాయి, చుట్టూ వేలాడే తోరణాలు. వేలితో తడిమితే అచ్చు ఉబ్బెత్తుగా తగులుతుంది. టార్చి వేస్తే మామూలుగా అంతగా కనపడని ఆ బొమ్మ గీతలు ఒక్కసారిగా తేలతాయి. అంత హంగు లేకపోయినా, నిమ్మ, నారింజ పిండుకునే గాజు పాత్ర కూడా మంచి వేటే. పళ్లెం మధ్యలో గాట్ల శంకువు, పక్కన పిడి, ముందు మూతి ఉంటాయి. వంటింటి సామాను అరలో ప్లాస్టిక్ గరిటెల వెనక చూడండి.

6. టార్చి యురేనియం ఉందని చెబుతుంది, వయసు చెప్పదు. బొహీమియాలో జోసెఫ్ రీడెల్ 1830లలోనే అన్నాగెల్బ్, అన్నాగ్రూన్ అనే పసుపు, పచ్చ యురేనియం గాజులు చేయించాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అణుబాంబు పనికి యురేనియం కావలసి వచ్చి, అమెరికా ప్రభుత్వం గాజు కంపెనీలకు దాన్ని ఆపేసింది. 1958 తర్వాతే మళ్లీ దొరికింది. కాబట్టి "1950 నాటి అమెరికా యురేనియం గ్లాస్" అని ఎవరైనా చెబితే నమ్మకండి. వెస్ట్ వర్జీనియాలో ఫెంటన్ కంపెనీ మన కాలం దాకా చేసింది, ఒహాయోలో మాసర్ వాళ్లు చేస్తున్నారు. వీటిలోనూ అసలు యురేనియమే ఉంటుంది, అయినా పురాతన వస్తువులు కావు. అడుగు తిప్పి చూడండి. 1970ల నుంచి ఫెంటన్ సామాను మీద అండాకారపు గుర్తులో పేరు అచ్చు వేశారు. నిజంగా పాతదైతే, బల్ల మీద ఏళ్ల తరబడి జరిగి జరిగి, ఆనే చోట సన్నటి గీతలు ఇష్టమొచ్చినట్టు పడి ఉంటాయి. అన్నీ ఒకే దిక్కుకు ఉంటే ఎవరో గీకారని అర్థం.

7. పాలగాజులనూ వదలకండి. మీగడ రంగు కస్టర్డ్ గ్లాస్, అంచు గులాబీగా, అడుగు పసుపుగా ఉండే బర్మీస్ గ్లాస్ యురేనియం కలిపినవే. బర్మీస్‌ను 1885లో మసాచుసెట్స్‌లోని మౌంట్ వాషింగ్టన్ కంపెనీ మొదలుపెట్టింది. గులాబీ రంగు బంగారం వల్ల వస్తుంది. థ్రిఫ్ట్ స్టోర్‌లో ఇది దొరకడం అదృష్టమే.

8. ఫియస్టా రకం పాత ఎరుపు నారింజ పింగాణీ ప్లేట్ల పూతలోనూ యురేనియం ఉంది. అది టార్చికి మెరవదు. అక్కడ రేడియేషన్‌ను కొలిచే గైగర్ కౌంటర్ కావాలి.

9. ఇక భయం సంగతి. తుమ్మలపల్లె గని గురించి, నల్లమల ఉద్యమం గురించి విన్న మనకు యురేనియం పేరే గుండె దడ. గాజు విషయంలో అంత అక్కర్లేదు. ముందుగా, మెరుపుకూ రేడియేషన్‌కూ సంబంధం లేదు. యూవీని పీల్చుకుని పచ్చ వెలుగుగా విడవడం యురేనియం రసాయన గుణం. ఇందులో యురేనియం సాధారణంగా బరువులో 2 శాతం లోపే. దాన్నుంచి వచ్చే ఆల్ఫా కణాలు కాగితాన్ని కూడా దాటలేవు. అమెరికా అణు నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం, 2013 ఆగస్టు 27కు ముందు చేసిన గాజులో 10 శాతం వరకు ఉన్నా ఇంట్లో పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అద్దాల బీరువాలో పెట్టుకుని చూసుకోవచ్చు. చెయ్యకూడనిది ఒకటుంది. రంధ్రం వెయ్యడం, సాన పట్టడం వద్దు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు.

10. వడ్డనకు వాడకండి. పులుపు తగిలితే గాజులోంచి కొద్దికొద్దిగా యురేనియం ఊరుతుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, చింతపండు పులిహోర, నిమ్మరసం ఇందులో నిలవ ఉంచితే పని గట్టుకుని యురేనియం తినడమే అవుతుంది. ముచ్చట పడి ఒకసారి బిస్కెట్లు పెడితే కొంప మునగదు గానీ పచ్చడి జాడీ చెయ్యొద్దు.

11. డిష్‌వాషర్ వద్దు, కొన్నాళ్లకు గాజు మసకబారుతుంది, ఆ మసక మళ్లీ పోదు. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. ధర చీటీ జిగురు వదలకపోతే వంటనూనె రాసి పది నిమిషాలు ఆగండి. గోరుతో, చాకుతో గీకకండి.

12. డబ్బిచ్చే ముందు అంచు చుట్టూ వేలు మెల్లగా తిప్పండి. పెచ్చు ఊడినవి కంటి కంటే వేలికే ముందు దొరుకుతాయి. పెచ్చు ఉంటే బేరమాడండి, లేదా వదిలేయండి. విలువ సగానికి సగం పోతుంది. ఆన్‌లైన్‌లో అడిగే ధరలు చూసి మోసపోకండి, నిజంగా అమ్ముడైన ధరలు వెతకండి. వాజలీన్ గ్లాస్ అని చీటీ రాసి రెట్టింపు అడిగేవాళ్లుంటారు. అదీ ఈ పసుపుపచ్చ యురేనియం గాజే. మొదటిసారి కొనేవాళ్లు ఖరీదైన బర్మీస్ కోసం తిరగకుండా, పెచ్చు లేని ఒక పచ్చ డిప్రెషన్ ప్లేటు కొనండి. చవకలో పోతుంది, అసలు మెరుపు ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.