రెయిన్‌కోటు లోపలి చెమట

తొలకరి పడిందంటే చాలు, బండి మీద తిరిగే కుర్రాళ్లు, కరెంటు స్తంభాలెక్కేవాళ్లు నన్ను అడిగే మాట ఒకటుంది. "అమెరికా నుంచి మా అన్నయ్య మంచి జాకెట్ తెచ్చాడండీ. వాటర్‌ప్రూఫే కాదు, బ్రీతబుల్ కూడా అన్నాడు. గంటసేపు వేసుకునేసరికి బనియన్ పిండితే నీళ్లు కారుతున్నాయి. డూప్లికేటు అంటారా?" చాలాసార్లు అది డూప్లికేటు కాదు. జాకెట్ మంచిదే. కాకపోతే దాన్ని కుట్టింది మన వాన కోసం కాదు.

ఈ తరహా జాకెట్లలో పేరుమోసినది గోర్‌టెక్స్. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్క ఊపున సాగదీసి, కంటికి కనిపించని రంధ్రాలుండే పలుచటి పొర తయారుచేశాడు. వాన చుక్క ఆ రంధ్రాల్లో పట్టదు. చెమట ఆవిరి మాత్రం దూరిపోతుంది. 1976 నుంచి ఆ పొర అతికించిన బట్ట అమ్మకానికి వచ్చింది. కొండలెక్కేవాళ్లు, చలి దేశాల వేటగాళ్లు దాన్ని బాగా వాడారు. అది నిజంగా పొడిగా ఉంచుతుందా అన్న వాదన మాత్రం ఆ వేటగాళ్ల మధ్య ఇప్పటికీ తెగలేదు. వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లో అక్టోబరు, నవంబరు చలివానలో చెట్టు మీద మంచె కట్టుకుని జింక కోసం గంటల తరబడి కదలకుండా కూర్చునేవాడు, జాకెట్ బ్రహ్మాండంగా ఉందంటాడు. ఎల్క్ అనే పెద్ద జింక వెంట వీపున మూట వేసుకుని కొండెక్కేవాడు, లోపలంతా తడిసిపోయానంటాడు. ఇద్దరిదీ ఒకే జాకెట్. ఇద్దరూ చెప్పేది నిజమే. తేడా అంతా ఒంట్లోంచి వచ్చే చెమటలో ఉంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం. కానీ వానలో అడవి నడిచి బతికేవాళ్లు మనకూ ఉన్నారు. నల్లమలలో గస్తీ తిరిగే బీట్ ఆఫీసర్లు, వాళ్లతో నడిచే చెంచు వాచర్లు ఉన్నారు. ఊళ్లలో లైన్‌మన్‌లు, డెలివరీ కుర్రాళ్లు, పారిశుధ్య కార్మికులు సరేసరి. వీళ్లెవరూ మంచె మీద కూర్చునేవాళ్లు కాదు. అందరూ ఆ కొండెక్కేవాడి లెక్కలోకే వస్తారు. పైగా మన దగ్గర గాలి కూడా వాళ్లకు అనుకూలించదు.

ఆవిరి తనంతట తాను బయటికి పోదు. లోపల ఎక్కువగా, బయట తక్కువగా ఉన్నప్పుడే ఆ తేడా దాన్ని బయటికి నెడుతుంది. 35 డిగ్రీల వేడితో ఉండి చెమట పట్టిన చర్మం దగ్గర ఆవిరి పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్స్. 5 డిగ్రీల చలివానలో బయటి గాలిలో అది ఒకటి కూడా ఉండదు. కాబట్టి నెట్టుడు బలంగా ఉంటుంది. విజయవాడలో వాన పడుతూ గాలి 26 డిగ్రీల దగ్గర, తేమ 95 శాతం ఉన్నప్పుడు బయటే 3 కిలోపాస్కల్స్ దాటి ఉంటుంది. నెట్టే బలం ఇంచుమించు సగానికి పడిపోయింది. ముసురు పట్టిన రోజు దండెం మీది బట్ట ఎందుకు ఆరదో, జాకెట్ లోపలి చెమటా అందుకే ఆరదు. కంపెనీ మోసమూ కాదు, కొన్నవాడి పొరపాటూ కాదు.

ఇక లేబుల్ మీది అంకెలు. 10,000 గ్రాములు అని రాసి ఉంటే, చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో అంత ఆవిరి పోతుందని అర్థం. గంటకు నాలుగు వందల గ్రాముల పైచిలుకు. ఉక్కలో బరువు పని చేసే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పడుతుంది. ఆ అంకె వచ్చింది ప్రయోగశాలలో, శుభ్రమైన కొత్త బట్ట మీద. కొన్ని పరీక్షల్లో బయటివైపు తేమను పీల్చేసే రసాయనం కూడా పెడతారు. మన వానలో అలా పీల్చేవాళ్లెవరూ ఉండరు. బ్యాగు పట్టీ కింద బట్ట అసలు ఆవిరి వదలదు. పై బట్ట నీళ్లు పీల్చి తడిసి బరువెక్కితే, ఆ నీటి పొర దాటి ఆవిరి పోవడం మరీ కష్టం. యూరప్‌లో పనివాళ్ల వాన దుస్తులకు ఈఎన్ 343 అనే ప్రమాణం ఉంది. ఆవిరిని సరిగా వదలని అడుగు తరగతి దుస్తుల్ని 25 డిగ్రీల వాతావరణంలో ఏకబిగిన 60 నిమిషాలకు మించి వేసుకోవద్దని అందులో పట్టిక వేసి మరీ చెప్పారు. అవే దుస్తులు 10 డిగ్రీల్లో అయితే 240 నిమిషాలు వేసుకోవచ్చట. మన బజార్లో దొరికే మామూలు ప్లాస్టిక్ కోటు చెమటను ఆ తరగతి కంటే బాగా వదులుతుందని అనుకోనక్కర్లేదు. ఎనిమిది గంటల డ్యూటీ దాంట్లోనే గడిపేవాళ్లు మన దగ్గర వేలల్లో ఉన్నారు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఇది: ఒళ్లు వంచి పని చేసేవాళ్లు మన ఉక్క వానలో బ్రీతబుల్ అన్న మాటకు పది వేలు దాటించి పోయకండి. ఆ డబ్బులో కొంత కుట్లు గట్టిగా ఉన్న కోటుకు, కొంత గాలి ఆడే ఏర్పాటుకు, కొంత మార్చుకునే పొడి బట్టలకు పెట్టండి. సియాటిల్‌లోనో, డబ్లిన్‌లోనో చలివానలో సైకిల్ మీద డెలివరీ చేసే మన పిల్లలకు ఈ మాట వర్తించదు. అక్కడ ఆ జాకెట్ పెట్టిన డబ్బుకు తగ్గ పని చేస్తుంది.

గాలి ఆడడం అన్నది మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. తెలంగాణ పల్లెల్లో గొర్ల కాపరులు గొంగడిని కొప్పెర పెట్టుకుని వానలో మంద వెంట తిరిగేవారు. గొర్రె ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి చల్లగా తగలదు. పైగా గొంగడి కింది భాగమంతా తెరిచే ఉంటుంది, అడుగు వేసినప్పుడల్లా లోపలి ఉక్క బయటికి పోతుంది. బరువెక్కువ, ఆరడానికి రోజులు పడుతుంది, బండి మీద పనికిరాదు. అయినా కింద తెరిచి ఉండాలన్న ఆ కిటుకు ఈ రోజుకీ పనికొస్తుంది. కోటు కొనేటప్పుడు చంకల కింద జిప్పు గానీ, వీపు మీద రేకులా కప్పి లోపల జాలీ ఉన్న సందు గానీ ఉందేమో చూడండి. ఒక సైజు పెద్దది తీసుకోండి. ఈ రెండూ ఏ పొరా చేయలేనంత మేలు చేస్తాయి.

బండి మీద తిరిగేవాళ్లకు మాత్రం గొంగడి పద్ధతి, అంటే వదులుగా వేలాడే పాంచో, ప్రమాదం. చక్రంలోనో చైన్‌లోనో చిక్కుకుంటుంది. మీకు కావలసింది ప్యాంటూ కోటూ విడిగా ఉండే జత. చూడాల్సింది ముందుగా ప్యాంటు. బండి నడుపుతుంటే వాన నీళ్లు పొట్ట మీంచి జారి ఒడిలో చేరతాయి. అక్కడ నాలుగు కుట్లు కలిసే చోటు మీద మీ బరువంతా పడుతుంది. ఆ ఒత్తిడికి నీళ్లు కుట్టులోంచి లోపలికి దిగుతాయి. కోటు ఎంత ఖరీదైనదైనా డెలివరీ కుర్రాడు ముందు తడిసేది అక్కడే. షాపులోనే ప్యాంటు తిరగేసి చూడండి. ప్రతి కుట్టు మీదా పారదర్శకమైన టేపు అతికించి ఉండాలి. సీటు దగ్గర అదనపు ముక్క వేసి ఉంటే ఇంకా మంచిది. లేబుల్ మీద నీటి ఒత్తిడిని తట్టుకునే కొలత 2,000 మిల్లీమీటర్లు అని ఉంటే అది నడిచేవాడి కోటుకు చాలు, సీటు మీద కూర్చునే ప్యాంటుకు చాలదు.

హుడ్‌ను హెల్మెట్ కింద ఇరికించొద్దు. పక్కకు చూపు ఆనదు, వెనక హారన్ సరిగా వినపడదు. హుడ్ కాలర్‌లోకి మడిచేసి, మెడ చుట్టూ పలుచటి తువ్వాలు చుట్టుకుని కాలర్ పైదాకా మూస్తే హెల్మెట్ అంచు నుంచి జారే నీళ్లు వీపులోకి దిగవు. గ్లవుజులు స్లీవ్ లోపలికి పోవాలి, ప్యాంటు కాళ్లు గమ్‌బూట్ల బయటే ఉండాలి. నలుపు, నేవీ బ్లూ రంగులు రాత్రి వానలో లారీ డ్రైవర్‌కు కనిపించవు. పసుపో నారింజో తీసుకోండి, లేదా వీపు మీద, చేతుల మీద మెరిసే టేపు అతికించుకోండి.

లైన్‌మన్‌ల కష్టం ఇంకో రకం. చేతులు పైకెత్తి పని చేస్తుంటే నీళ్లు మణికట్టు దగ్గర దూరి మోచేతి మీదుగా చంక దాకా పారతాయి. స్లీవ్ లోపల మరో సాగే కఫ్ ఉన్న కోటే వాళ్లకు పనికొస్తుంది, వెల్క్రో పట్టీ ఒక్కటే చాలదు. ఒక మాట మరీ మరీ చెప్పాలి. రెయిన్‌కోటు రబ్బరుదైనా సరే, అది కరెంటు నుంచి కాపాడదు. ఎల్సీ (లైన్ క్లియర్) తీసుకోకుండా, ఎర్త్ రాడ్ వేయకుండా, తడిసిన గ్లవుజులతో స్తంభం ఎక్కొద్దు. ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నా సరే.

అడవిలో నడిచే సిబ్బందికి నా సలహా కొందరికి వింతగా అనిపించవచ్చు. చినుకులు సన్నగా పడుతూ ఎక్కుడు దారి ఉంటే కోటు తీసి సంచిలో పెట్టుకోండి. త్వరగా ఆరే పలుచటి చొక్కాతో తడుస్తూనే ఎక్కండి. ఎలాగూ చెమటతో తడిసే ఒళ్లే. ఆగినప్పుడు, గాలి కొట్టినప్పుడు కోటు వేసుకోండి, అప్పుడే దాని అవసరం. కొండల మీద వేటాడే అనుభవజ్ఞులు కూడా ఇదే చేస్తారు. పొడి చొక్కా, పొడి లుంగీ, రెండు జతల మేజోళ్లు నీళ్లు దిగని సంచిలో మూతి మూడు మడతలు చుట్టి పెట్టుకోవాలి. పులుల అభయారణ్యాల్లో గస్తీ దారి నమోదు చేసే ఎం స్ట్రైప్స్ యాప్ ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి ఫోనుకు విడిగా మరో కవరు ఉండాలి. పొదలు లేని దారిలో, వాచ్ టవర్ దగ్గర గొడుగును మించింది లేదు. నల్లమల ముళ్లకు పలుచటి ఖరీదైన జాకెట్ ఒక్క సీజన్ నిలవడం కష్టం.

కోటు ఆవిరి వదులుతుందో లేదో చూడాలని చాలామంది బట్టకు నోరు ఆనించి ఊదుతారు. ఆ పరీక్ష వల్ల ఏమీ తెలియదు. మంచి పొరలు కూడా చాలావరకు గాలిని ఆపుతాయి, ఆవిరిని వదులుతాయి. ఇంట్లో ఇలా చూడండి: స్టీలు గ్లాసులో సగానికి వేడి నీళ్లు పోసి, కోటు లోపలివైపు నీళ్లకేసి ఉండేలా మూతి మీద బిగించి రబ్బరు బ్యాండు వేయండి. దాని మీద పొడి గాజు గ్లాసు బోర్లించండి. కొన్ని నిమిషాల్లో గాజు లోపల మసక కమ్మితే బట్ట ఆవిరిని వదులుతున్నట్టు. గాజు తేటగానే ఉంటే అది ప్లాస్టిక్ షీటుతో సమానం. ప్యాంటు సీటు పరీక్షించాలంటే కింద న్యూస్ పేపర్ పరిచి, సీటు గుంటలో చెంబెడు నీళ్లు పోసి, కుట్టు మీద బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకోండి. పేపర్ మీద మచ్చ పడితే తిరిగి ఇచ్చేయండి.

కొన్న కోటును సీటు కింద డిక్కీలో ఏడాదంతా ఉండ చుట్టి పెడితే ఉక్కకు లోపలి పూత జిగురు తేలి పొలుసుల్లా రాలిపోతుంది. భుజం మీద తెల్లటి పొట్టు కనిపించిందంటే ఆ కోటు పని అయిపోయినట్టే. డ్యూటీ దిగాక విప్పి నీడన ఆరేయండి. బురద, ఇంజన్ ఆయిల్ అంటితే పై బట్ట నీళ్లు పీల్చడం మొదలుపెడుతుంది. తక్కువ సర్ఫుతో ఉతికి రెండుసార్లు జాడించండి, మెత్తబరిచే కండిషనర్ వేయొద్దు. లేబుల్ ఒప్పుకుంటే పలుచటి గుడ్డ కప్పి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే చుక్కలు మళ్లీ ముత్యాల్లా జారతాయి. అయినా జారకపోతే స్ప్రే డబ్బా దొరుకుతుంది, కొట్టుకోండి.

లోపల జీన్సు, కాటన్ బనియన్ వద్దు. తడిస్తే అవి రాత్రికి గానీ ఆరవు. ఆటగాళ్లు వేసుకునే పాలిస్టర్ టీషర్టు మేలు. తడి బట్ట ఒరుసుకునే తొడల మధ్య, వేళ్ల సందుల్లో ఒరుపులు, గజ్జల్లో తామర ఈ ఉద్యోగాల్లో చాలామందికి ఉన్నదే. సిగ్గుపడి మందుల షాపులో అడిగి కొనే ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటే రెండు రోజులు దురద తగ్గి తర్వాత తామర ఒళ్లంతా పాకుతుంది. చర్మ డాక్టరుకు ఒకసారి చూపించుకోండి.

కోటు ఆఫీసే ఇస్తున్న చోట ఇండెంట్ రాసే సెక్షన్ వాళ్లకు ఒక విన్నపం. 'రెయిన్‌కోట్లు – 40' అని రాసి వదిలేస్తే టెండర్‌లో అన్నిటికన్నా చవకది వస్తుంది, అందరికీ ఒకే సైజు. కోటూ ప్యాంటూ విడిగా, కుట్లన్నిటికీ టేపు, చంకల్లో గాలి సందు, లోపలి కఫ్, మెరిసే పట్టీ, సైజుల వారీగా ఎన్నెన్ని, ఇవన్నీ కాగితం మీద పెట్టండి. సరఫరాకు ముందు ఒక నమూనా తెప్పించి, దాన్ని స్తంభం ఎక్కేవాడికో, చెత్త బండి నడిపే అమ్మకో ఇచ్చి వాన పడే రోజున వేసుకోమనండి. ఆవిడకు కోటు చాలా పొడుగైతే, చేతులు ముడుచుకోవలసి వస్తే, ఆ సంగతి కూడా అదే ఫైలులో రాయండి.