పడవలు నడిచిన కె.సి. కెనాల్

ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది

గ్రూప్స్ అభ్యర్థులు కర్నూలు-కడప కాలువను (కె.సి. కెనాల్) ఆయకట్టు లెక్కలకే పరిమితం చేస్తారు. అసలు దాన్ని తవ్వింది సాగుకే కాదు, పడవలకు కూడా. ఈ రెండోదాన్ని వదిలేస్తే రాయలసీమ నీటి చరిత్ర సగమే తెలిసినట్టు.

పుట్టుక

నదులను కాలువలతో కలిపి సరుకు రవాణా సాగించాలన్నది బ్రిటిష్ ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ పట్టుదల. రైలు కన్నా పడవే చవక అని ఆయన వాదన. ఆ ఆలోచన అమలుకు 1858లో ఏర్పడిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీకి ప్రభుత్వం 10 లక్షల పౌండ్ల పెట్టుబడిపై 5 శాతం వడ్డీకి హామీ ఇచ్చింది. 1860ల్లో పనులు సాగాయి. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట దగ్గర బయల్దేరిన కాలువ కర్నూలులో హంద్రీ నదిని అక్విడెక్టు (నీటి వంతెన) మీదుగా దాటి, కుందూ లోయ గుండా కడప వైపు సుమారు 300 కిలోమీటర్లు సాగుతుంది.

లాకు పనితీరు

నేల పల్లమైన చోట పడవ నేరుగా దిగలేదు, అందుకు లాకు కావాలి. రెండు తలుపుల మధ్య గదిలోకి పడవను తెచ్చి పై తలుపు మూస్తారు. గదిలో నీరు దిగువ మట్టానికి తగ్గాక కింది తలుపు తెరుస్తారు. పడవ దిగిన ప్రతిసారీ గదినిండా నీరు దిగువకు పోతుంది.

ఎందుకు దెబ్బతింది

మెయిన్స్‌లో మార్కులు తెచ్చేది ఈ భాగమే. పడవకు నిలకడైన లోతు, నెమ్మదైన నీరు కావాలి. పొలానికి పారే నీరు కావాలి, అదీ పంట కాలంలోనే. ఒకే కాలువ రెండింటినీ మెప్పించడం కష్టం. పైగా 1871 నాటికే మద్రాసు-రాయచూరు రైలు మార్గం కడప మీదుగా పూర్తయింది. ఇక రైతుల సంగతి: కుందూ లోయలోని రేగడి నేల తేమ పట్టి ఉంచుతుంది, జొన్న, పత్తి వానకే పండేవి. నీటితీరువా కట్టి మరీ నీళ్లు తీసుకోవడానికి చాలామంది ముందుకు రాలేదు. దీన్ని రైతు అజ్ఞానమనడం అన్యాయం, అది లెక్క తెలిసిన నిర్ణయం. రాబడి లేక కంపెనీ కుంగింది, 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. తర్వాత సాగు పెరిగింది, పడవలు మాయమయ్యాయి.

బ్రిటన్‌తో పోలిక

రైలు దెబ్బ అక్కడి కాలువలకూ తగిలింది. అయినా సుమారు 2 మీటర్ల వెడల్పున్న సన్నపడవలు ఇప్పుడు మనిషి నడక వేగంతో విహారయాత్రికులను మోస్తున్నాయి. 1946లో ఏర్పడిన ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ ఉద్యమం ఇందుకు తోడ్పడింది. లాంగోలెన్ కాలువ కథ మరీ ఆసక్తికరం. 1944లో రవాణాకు మూసేసినా, తాగునీటి సరఫరాకు పనికొస్తుందని దాన్ని పూడ్చలేదు. అలా మిగిలిన కాలువలోకే విహార పడవలు వచ్చాయి. ఇంజనీరు థామస్ టెల్‌ఫర్డ్ 1805లో ముగించిన పాంట్‌కసల్తె అక్విడెక్టుతో కూడిన ఆ కాలువ భాగాన్ని యునెస్కో 2009లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ నీటి అవసరం పడవ దారిని బతికించింది, కర్నూలులో పొలం ముందు పడవ నిలవలేకపోయింది. కృష్ణా జలాల్లో కె.సి. కెనాల్ కేటాయింపు 39.9 టీఎంసీలు, ఆ లెక్క ప్రధానంగా సాగు కోసమే.