నూనెకు ముక్కవాసన పట్టకుండుట యెట్లు?

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల మెట్టభూములలో నువ్వులు, వేరుశనగ రెండును పండుచున్నవి. గానుగనుండి తెచ్చిన వేరుశనగనూనె త్వరలోనే ముక్కవాసన కొట్టును; నువ్వులనూనె అంతకంటె చాలకాలము నిలుచును. దానికి మంచినూనె యని పెద్దలు పెట్టిన పేరు సార్థకమైనది. ఈ భేదమునకు కారణ మెఱిగినచో ఇంటి నూనెను, సంఘపు సరకును గూడ నష్టము లేకుండ కాపాడుకొనవచ్చును.

చెడుటకు కారణము

గాలిలోని ఆమ్లజని నూనెతో కలియుటయే ఈ చెడుపునకు మూలము. పూరియిండ్ల వరుసలో ఒక కప్పు అంటుకొనిన ప్రక్కకప్పును అంటుకొనునట్లు, చెడిన అణువు తన ప్రక్క అణువును చెఱచును. వెలుతురు, వేడిమి, రాగి, ఇనుప త్రుప్పు ఈ పనిని త్వరపెట్టును. నూనెలోని లినోలియిక్ ఆమ్లము ఆమ్లజనికి సులభముగా లోబడును. నువ్వులనూనెలో అది నూటికి ఇంచుమించు 40 పాళ్లుండును. వేరుశనగనూనెలో సాధారణముగా అంతకంటె తక్కువ. ఈ లెక్కను బట్టి నువ్వులనూనెయే ముందుగా చెడవలెను. కాని చెడుట లేదు. ఏల?

గింజలోని కాపుదల

నువ్వుగింజలో విటమిన్ 'ఇ'తోపాటు సెసమిన్, సెసమోలిన్ అను పదార్థములు కలవు. గింజను వేయించినపుడు సెసమోలిన్ కొంత విడిపోయి సెసమాల్ అగును. విటమిన్ 'ఇ', సెసమాల్ వంటివి తమ ఉదజనిని ఇచ్చి, చెడుపు అణువునుండి అణువునకు ప్రాకకుండ మధ్యలో ఆపును. ఇండ్లవరుసలో మట్టిగోడ నిప్పును ఆపినట్లే యిది. కాని యీ గోడయు క్రమముగా తఱిగిపోవును.

వెన్న కాచునపుడు తమలపాకు, కరివేపాకు, మునగాకు వేయు మన ఇల్లాండ్ర ఆచారములోను ఈ గుణమే కలదు. ఆ యాకులలోని ఫినాలు జాతి పదార్థములు నేతిని కాపాడును. ఆకులోని తడి యంతయు పోయి గలగలలాడువఱకు కాచి వడకట్టవలెను.

నూనెను శుద్ధిచేయు కర్మాగారములలో తీవ్రమైన వేడిమిచే సహజమైన విటమిన్ 'ఇ' కొంత నశించును. కొన్ని నూనెలలో టి.బి.హెచ్.క్యు. అను కృత్రిమ పదార్థమును కిలోకు 200 మిల్లీగ్రాములకు మించకుండ కలుపుటకు చట్టము అనుమతించుచున్నది.

రెండు హెచ్చరికలు

ఈ కాపుదల మంచినూనెను నిలుపునేగాని చెడినదానిని బాగుచేయదు. తడిసిన గింజవలన కలుగు పులుపును గాని, బూజుపట్టిన వేరుశనగలోని అఫ్లటాక్సిన్ విషమును గాని యిది తొలగింపజాలదు. పునాస నువ్వులు వానలలో కోతకు వచ్చును గనుక మన ప్రాంతమున ఈ అపాయ మెక్కువ.

చేయవలసిన పనులు

1. కోసిన నువ్వుకట్టలను నిలువుగా పేర్చి బాగుగ ఎండనిచ్చి దులుపవలెను. వేరుశనగకాయను ఊపిన లోపలి గింజ గలగలలాడవలెను.

2. గానుగనూనెను కదల్చక తేఱనిచ్చి, మడ్డిని అడుగున విడిచి పై తేటను మాత్రమే తీయవలెను. మడ్డిలో తడి యుండును.

3. రాగి, ఇత్తడి పాత్రలు తగవు. జాడీలు, స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాలు మేలు. వానిని నిండుగ నింపి, మూతబిగించి, చల్లని చీకటిచోట నుంచవలెను.

4. పాతనూనె గల పాత్రలో క్రొత్తనూనెను పోయరాదు. పాతది మంటవలె క్రొత్తదానికి అంటుకొనును.

ఇంటి పరీక్ష

ఒకే వేరుశనగనూనెను రెండు చిన్న గాజుసీసాలలో పోసి, ఒకదానిని ఎండతగులు కిటికీలోను, రెండవదానిని చీకటి గదిలోను నెలదినము లుంచి వాసన చూడుడు. ఏది ముందు చెడునో మీకే తెలియును.

సంఘమునకు తెచ్చిన బస్తాలలో ఒక్క తడిబస్తా కలిసినను గానుగలోని నూనె యంతయు చెడును. ఆ నష్టమును సభ్యులందఱును భరింపవలసివచ్చును. కావున ఎండిన గింజను మాత్రమే తెచ్చుట ప్రతి సభ్యుని బాధ్యత.