కర్త కింద గీత: ఒక కరపత్రం దిద్దిన వైనం

మా వీధి కుర్రాడొకడు రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాడు. గాజా మీద కరపత్రం రాసుకొచ్చి, "బాబాయ్, అచ్చుకిచ్చే ముందు తప్పులుంటే దిద్దు" అన్నాడు. దీర్ఘాలూ వత్తులూ చూస్తాననుకున్నాడు పాపం. వాడి కోపంలో నాకు తప్పు కనబడలేదు, వాక్యాల్లో కనబడింది. ఎలా దిద్దామో వరసగా చెబుతాను. ఇలాంటి కాగితం రాసే పని మీకూ పడొచ్చు.

ముందు ఎర్ర పెన్నుతో ప్రతి వాక్యంలో కర్త కింద గీత గీయించాను. బళ్లో నేర్చుకున్న వ్యాకరణమే. మొదటి వాక్యం "యూదులు గాజాను నేలమట్టం చేస్తున్నారు" అని ఉంది. ఏ యూదులు? ముంబైలో తరతరాలుగా బతుకుతున్న బెనె ఇజ్రాయెల్ వాళ్లా? మన కొత్తరెడ్డిపాలెం వాళ్లా? ఆ ఊరి పేరే వాడు వినలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన ఉంది. అక్కడి మాదిగ కుటుంబాలు కొన్ని తాము బైబిల్లోని ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకుని 1990ల మొదట్లో సొంత సినగాగ్ పెట్టుకున్నాయి. ఇంట్లో తెలుగు, ప్రార్థనలో హీబ్రూ. ఎక్కువమంది కూలి పని చేసుకునేవాళ్లు. ఇజ్రాయెల్ ప్రభుత్వం వాళ్లను యూదులుగా గుర్తించనే లేదు. అయినా 2004లో వాళ్ల మీద దాడికి లష్కరే తోయిబా పథకం వేసిందని పత్రికల్లో వార్తలొచ్చాయి. గాజాకీ, చేబ్రోలు పొలాల్లో కలుపు తీసే మనిషికీ ఏం సంబంధం?

వాడు "యూదులు" కొట్టేసి "నెతన్యాహు ప్రభుత్వం" అని రాశాడు. కింద ఒకచోట "ఇజ్రాయెల్ సైన్యం" అయింది. వాక్యం మెత్తబడలేదు, పదునెక్కింది. 2024 నవంబర్ 21న అంతర్జాతీయ నేర న్యాయస్థానం వారెంట్లిచ్చింది కూడా నెతన్యాహు, ఆయన మాజీ రక్షణమంత్రి గాలంట్, హమాస్ నాయకుడు దైఫ్ పేర్ల మీదే. ఏ జాతి మీదా కాదు.

"అంత పట్టింపు దేనికి బాబాయ్, చదివేవాళ్లకి అర్థమవుతుందిగా" అన్నాడు.

అవదు. మన టీకొట్టు దగ్గర రోజూ చూస్తూనే ఉన్నాం. రోడ్డు గుంతలు పడ్డాయని ముఖ్యమంత్రిని తిట్టడం మొదలెడతాం, మూడో మాటకి ఆయన కులం దగ్గర తేలతాం. ఆయన పార్టీకి ఎన్నడూ ఓటెయ్యని అదే కులపాయన పక్క బల్ల మీద టీ తాగుతూ తల దించుకుంటాడు. ఎవరు ముఖ్యమంత్రి అయినా ఇదే వరస. గుంతలు మాత్రం పూడవు. ఈ పొరపాటు తిట్లతోనే ఆగదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని ఓలేతలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు, తాను ఇరానీయుల్ని కాల్చానని చెప్పుకున్నాడు. కర్తని పోల్చుకోవడం రాని కోపం హైదరాబాద్ ఇంజనీరు ప్రాణం తీసింది.

తర్వాత "వాళ్లు అంతే" అనే రకం వాక్యాలు ఏరాం. "డబ్బుతో ప్రపంచాన్నే ఆడిస్తారు" అన్నది ఒకటి. దీనికి దిద్దుబాటు లేదు, కొట్టివేతే. యూదు పెద్దలు రహస్యంగా ప్రపంచాన్ని ఏలుతున్నారంటూ 1903లో రష్యాలో ఒక పత్రం అచ్చయింది. అందులో చాలా భాగం మూడో నెపోలియన్ మీద 1864లో వచ్చిన ఫ్రెంచి వ్యంగ్య రచన నుంచి ఎత్తి రాసిందని 1921లో లండన్ టైమ్స్ బయటపెట్టింది. అయినా నూరేళ్లుగా చావలేదు, ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతోంది. "పోనీ జియోనిస్టులు అని మారుస్తా" అన్నాడు. పేరు మార్చినా కథ అదేగదరా!

హిట్లర్ వాక్యం మీద ఇద్దరికీ గొడవైంది. "హిట్లర్ ఊరికే చేశాడా" అన్న ఫార్వర్డును యథాతథంగా దించేశాడు. మన దగ్గర హిట్లర్ అంటే ఇంట్లో గద్దించే పెద్దన్న. 1997లో మన మొగల్తూరు చిరంజీవి సినిమాకి ఆ పేరు పెడితే ఈలలు వేసి చూశాం, నాతో సహా. అరవై లక్షల మంది యూదులను చంపిన మనిషని ఆ రోజు నాకూ గుర్తురాలేదు. వాక్యం పోయింది.

"క్రీస్తును చంపినవాళ్లు" అన్న ముక్క కూడా తీసేశాం. ఆ నిందను యూదులందరి మీదా మోపకూడదని వాటికన్ 1965లోనే ప్రకటించింది. వాడి నాయనమ్మది దీనికి ఎదురు పేచీ. ఇశ్రాయేలు దేవుని జనం, వాళ్లనేమీ అనకూడదంటుంది. బైబిల్లో ఇశ్రాయేలు, పేపర్లో ఇజ్రాయెల్. రాతలో ఉన్న ఆ తేడాని పట్టుకోమన్నాను. పేపర్లోది ఓట్లతో వచ్చి ఓట్లతో పోయే ప్రభుత్వం. దాన్ని అనొచ్చు. యూదు ద్వేషానికి 2016లో అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి ఇచ్చిన నిర్వచనం కూడా, మరే దేశాన్నయినా విమర్శించినట్టు ఇజ్రాయెల్‌ను విమర్శిస్తే అది ద్వేషం కాదనే అంటుంది. ద్వేషమన్న మాటను నోళ్లు మూయించడానికి వాడేవాళ్లూ ఉన్నారు, వాళ్లకి జడిసి ఏదీ తీయొద్దన్నాను. ఆకలితో చస్తున్న పిల్లలు, వెస్ట్ బ్యాంక్‌లో కడుతున్న కాలనీలు అన్నీ ఉంచాం.

చేర్చింది ఒక్కటే. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయిన సంగతి వాడి కాగితంలో ఎక్కడా లేదు.

చివరగా పైకి చదివించాను. వాళ్ల పిన్ని టెల్ అవీవ్ దగ్గర ఒక ముసలావిడకి తోడుండి ఆమె పనులు చూసుకుంటోంది. ఆ ముసలావిడ ఎదురుగా కూర్చుందనుకుని చదవమన్నాను. రెండుచోట్ల గొంతు ఆగింది, ఆ రెండూ మార్చాడు.

అచ్చయిన కరపత్రంలో "యూదులు" అన్న మాట ఒక్కచోటే మిగిలింది. 2023లో నెతన్యాహు ప్రభుత్వానికి ఎదురుగా నెలల తరబడి టెల్ అవీవ్ వీధుల్లో నిలబడ్డవాళ్లలో యూదులే ఎక్కువ అన్న వాక్యంలో.