నిద్రవేళ కూడా ప్రార్థనవేళే



నాట్ల రోజుల్లో పొద్దు పొడవకముందే పొలానికి వెళ్ళి, చీకటి పడ్డాక నడుము నొప్పితో ఇల్లు చేరే తల్లులు మన విచారణల్లో ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో పగలంతా ఇనుముతో కుస్తీపట్టి వచ్చే తండ్రులున్నారు. అన్నాలయ్యాక గిన్నెలు కడగాలి, రేపటికి పప్పు నానబెట్టాలి. సరిగ్గా అప్పుడే చిన్నవాడు “అమ్మా, కథ చెప్పవా?” అంటాడు. “జపం చేసుకొని పడుకోరా!” అని గద్దిస్తాం. వాడు నిద్రపోయాక ఆ ముఖం చూసి జాలిపడతాం. ‘బిడ్డలను భక్తిలో పెంచలేకపోతున్నామే’ అని బాధపడతాం. అలా బాధపడేవారి కోసమే ఈ నాలుగు మాటలు.

క్రైస్తవ కుటుంబం ఒక గృహ శ్రీసభ అనీ, బిడ్డలకు విశ్వాసాన్ని మొదట బోధించవలసినది తల్లిదండ్రులేననీ రెండవ వాటికన్ మహాసభ 1964లో బోధించింది. ఆ బోధన ప్రసంగాలతోనే జరగనక్కరలేదు. దోమతెర కట్టడం, దుప్పటి సర్దడం, దాహమంటే లేచి మంచినీళ్ళివ్వడం కూడా బోధనే. తనను కాపాడే దేవుడున్నాడని బిడ్డకు తొలుత తెలిసేది ఆ చేతుల వల్లనే.

పునీత చిన్న తెరేజమ్మ ఇంటిని చూడండి. తల్లి జెలీ లేసు వ్యాపారం నడుపుతూ తొమ్మిదిమందిని కన్నది. నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకొన్నది. ఆ పనిలోని శ్రమ మన నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే అమ్మలకు బాగా తెలుసు. 1877లో ఆమె మరణించేనాటికి తెరేజమ్మకు అయిదేళ్ళు కూడా నిండలేదు. అక్క పోలీన్ తల్లి అయింది. ప్రతి రాత్రి పడుకోబెట్టేటప్పుడు చెల్లెలు అడిగేది: ఈరోజు నేను మంచిగా ఉన్నానా, దేవుడు నా వల్ల సంతోషించాడా అని. ఔనని అక్క చెబితేనే ఆ పసిదానికి నిద్ర. పునీతులు ఎలా ప్రార్థిస్తారో సాయంకాల ప్రార్థనలో నాన్న ముఖం చూసి తెలుసుకొన్నానని తెరేజమ్మ తరువాత వ్రాసింది. ఆ తల్లిదండ్రులను పోపు ఫ్రాన్సిస్ 2015లో పునీతులుగా ప్రకటించారు.

మఠంలో చేరాక తెరేజమ్మకు ప్రార్థనలోనే కునుకు పట్టేది. అందుకామె కుంగిపోలేదు. బిడ్డలు మేల్కొని ఉన్నా, నిద్రపోయినా తల్లిదండ్రులకు ముద్దేనని తలచుకొని ఊరడిల్లింది. మరి జపమాల చేతిలో ఉండగానే తల వాల్చేసిన తల్లిని దేవుడు తోసివేస్తాడా? తుఫానులో పడవ ఊగుతుంటే తలగడపై నిద్రించిన యేసు ప్రభువుకు అలసట అంటే ఏమిటో తెలియదా?

అయితే, అలసట పేరుతో ప్రార్థనను పూర్తిగా వదిలివేయకూడదు. ఈ మూడింటిని ప్రయత్నించండి.

మొదటిది, పిల్లల కళ్ళు వాలకముందే టీవీ, ఫోను కట్టివేయండి. జపమాల మొత్తం చెప్పలేని రాత్రి ఒక్క దేవరహస్యమైనా నెమ్మదిగా చెప్పండి.

రెండవది, ఆనాటి మేలు ఒకటి తలచుకొని దేవునికి వందనాలు చెప్పించండి. తప్పు ఉంటే క్షమాపణ అడిగించండి. మీరు అనవసరంగా కసిరి ఉంటే బిడ్డను మీరే ముందు అడగండి. పొద్దు గుంకేలోగా కోపం విడవమని పౌలు గారు చెప్పింది పెద్దలకు కూడా. హోంవర్కు తగాదా పడక దాకా రానివ్వకండి. మంచి మాట విని బిడ్డ నిద్రపోవాలి.

మూడవది, బిడ్డ నుదుట సిలువ గురుతు వేయండి. రాత్రి షిఫ్టుకు వెళ్ళిన తండ్రి తెల్లవారి వచ్చాకైనా వేయవచ్చు. ఆశీర్వాదం పొందడానికి బిడ్డ మేల్కొని ఉండనక్కరలేదు.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి మీకు పెద్ద జపాలు నోటికి రాకపోవచ్చు. పిల్లల పక్కన కూర్చొని, “ప్రభువా, నేను అలసిపోయాను, వీళ్ళను నీవే కాచుకో” అనండి. అదీ ప్రార్థనే. ఆ తరువాత నిశ్చింతగా మీరూ నిద్రపోండి.